మా నాన్న ఆడని ఆట

సినిమాలో డబ్బున్న తండ్రిని చూపించాలంటే మనవాళ్ళకి మూడే మూడు వస్తువులు కావాలి. ఒకటి, మెలికలు తిరిగిన మేడమెట్లు. రెండు, పట్టు గౌనూ నోట్లో పైపూ. మూడోది గోల్ఫు కర్ర! ఆ కర్ర చేతిలో పెడితే చాలు, ఆయనకి కోట్లున్నాయని నేలక్లాసు ప్రేక్షకుడికి కూడా ఇట్టే అర్థమైపోతుంది. మీరూ చూసే ఉంటారు.

అలాంటి సీనొకటి నేనే రాశాను. 1983 సంగతి. మద్రాసులో ఓ రచయితగారి దగ్గర అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. హీరోయిన్ తండ్రి లాన్‌లో నిలబడి బంతిని ఒక్క దెబ్బకి కనుచూపు మేర దాటించాలి. ఉద్యోగం కోసం వచ్చిన హీరోని ఓ చూపు చూసి, "ఈ బంతి ఖరీదు నీ నెల జీతం" అనాలి. పది నిమిషాల్లో రాసి పారేశాను. గురువుగారు భుజం తట్టారు.

సినిమా మా ఊరొచ్చాక నాన్నని మ్యాట్నీకి తీసుకెళ్ళాను. టైటిల్సులో నా పేరుందో లేదో ఆయన వెతుక్కున్నాడు. లేదు. ఏమీ అనలేదు. ఆ సీను వచ్చింది. హాల్లో చప్పట్లు. ఇంటర్వెల్లో సోడా తాగుతూ నాన్న మెల్లిగా అన్నాడు:

"ఒరేయ్, ఆయన పట్టుకున్నది పట్టరు కర్రరా. దాంతో గుంట దగ్గర బంతిని దొర్లిస్తారు. ఆ కర్రతో ఎంత పహిల్వాను కొట్టినా బంతి గడ్డిలో పడి చస్తుంది."

నేను నవ్వలేదు. ఎవరన్నా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను.

ఎందుకంటే మా నాన్న ఏం చేసేవాడో నా స్నేహితులకి తెలియదు. 'క్లబ్బులో ఉద్యోగం' అని చెప్పేవాణ్ణి. నిజానికి ఆయన క్యాడీ. దొరల కాలం నాటి ఓ తొమ్మిది గుంటల మైదానంలో ఇరవై రెండేళ్ళు ఇతరుల సంచులు మోశాడు. ఏ దెబ్బకి ఏ కర్ర వాడాలో, గాలి ఎటు తోస్తుందో, పచ్చిక ఎటు వాలి ఉందో అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కానీ అక్కడ ఒక్కసారీ ఆడలేదు. మోసేవాళ్ళు ఆడకూడదని అక్కడి కట్టుబాటు.

నాన్న 1996లో పోయాడు. ఆయన్ని ఆ మైదానం గురించి ఒక్క ప్రశ్నయినా అడగలేదు నేను. ఆ బాకీ తీర్చుకోవటానికి ఎక్కడికి వెళ్ళాల్సి వచ్చిందో చెబుతాను, వినండి.

అసలు ఊరు

2019 వేసవిలో స్కాట్లండు వెళ్ళాను. మా అమ్మాయి ఎడింబరోలో చదువుతోంది. రాజుల కోటా అదీ చూపించింది. "ఇంకేం చూస్తావు నాన్నా?" అంది. "మసల్‌బరా" అన్నాను. దాని మొహంలో ప్రశ్నార్థకం!

ఎడింబరోకి తూర్పున పది కిలోమీటర్లుంటుంది ఆ ఊరు. బస్సెక్కితే చాలు. ఒక పక్క ఎస్క్ అనే చిన్న నది, ఉత్తరాన ఫోర్త్ సముద్రపు పాయ. ఊరికీ నీళ్ళకీ మధ్య ఉన్న ఇసక నేలలో తొమ్మిది గుంటల గోల్ఫు మైదానం. దాని చుట్టూ గుర్రప్పందేల బాట! అక్కడ పందేలు 1816 నుంచి నడుస్తున్నాయి. పందెం ఉన్న రోజున గోల్ఫు బందు.

ఈ మైదానంలో 1672లో గోల్ఫు ఆడినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉంది. అంతకు నూరేళ్ళ పైచిలుకు ముందే, 1567లో, మేరీ రాణి ఇక్కడ ఆడిందని ఓ కథ. కథని కథగానే ఉంచుదాం. 1672 చాలదా!

దీన్ని గీసిన డిజైనరెవరని మీరడగొచ్చు. టైటిల్సులో ఆ పేరు లేదు. ఇసక దిబ్బల్ని గాలి మలిచింది. గడ్డిని గొర్రెలూ కుందేళ్ళూ కొరికి నున్నగా చేశాయి. మనుషులు వచ్చి గుంటలు మాత్రం తవ్వుకున్నారు. మొదట ఏడే గుంటలు. 1838లో ఎనిమిదోది, 1870లో తొమ్మిదోది చేరాయి. మైదానానికి పద్ధెనిమిది ఉండాలన్న లెక్క దేవుడిచ్చిందేం కాదు. సెయింట్ ఆండ్రూస్‌లో ఇరవై రెండుండేవి, 1764లో వాళ్ళు పద్ధెనిమిదికి తగ్గించుకున్నారు. పోను పోను అదే రివాజయింది.

నాలుగు ఆటలు

ప్రపంచంలో గోల్ఫుకి ఓపెన్ ఛాంపియన్‌షిప్ అంటే మనకి శతదినోత్సవం లాంటిది. అది ఈ చిన్న మైదానంలో ఆరుసార్లు జరిగింది: 1874, 77, 80, 83, 86, 89ల్లో. ఆ రోజుల్లో పోటీ మొత్తం ముప్ఫై ఆరు గుంటలు, ఒక్క రోజులో అయిపోవాలి. తొమ్మిదే ఉన్నాయి కదా, నాలుగు చుట్లు తిరిగేవారు. అంటే మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ఒకే సినిమా, నాలుగు ఆటలు!

విసుగు పుట్టదా అంటారేమో. మంచి సినిమా రెండోసారి చూస్తే మొదటిసారి కనపడనివి కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. పొద్దున ఒక కర్రతో చేరిన దూరం మధ్యాహ్నం గాలి తిరిగేసరికి రెండు దెబ్బలకి గాని అందదు. మొదటి చుట్టులో ఏ ఇసక గుంటలో పడ్డాడో ఆటగాడికి గుర్తుంటుంది. ఆ భయమే రెండో చుట్టులో మళ్ళీ అక్కడికి లాక్కెళుతుంది. పెద్ద మైదానంలో ఒక తప్పుని ఒక్కసారే చేస్తారు. ఇక్కడ నాలుగుసార్లు చెయ్యొచ్చు!

1883 పోటీ చూడండి. బాబ్ ఫెర్గసన్‌ది ఈ ఊరే. చిన్నప్పుడు ఇక్కడే క్యాడీ. 1880, 81, 82ల్లో వరసగా మూడుసార్లు గెలిచాడు. నాలుగోసారి సొంత ఊళ్ళో విల్లీ ఫెర్నీతో సమంగా నిలిచాడు. విజేత ఎవరో తేల్చటానికి మళ్ళీ ముప్ఫై ఆరు గుంటలు ఆడించారు. ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఫెర్గసన్ ఒక దెబ్బ ముందున్నాడు. క్లైమాక్సు! ఫెర్నీ ఒక్క దెబ్బకి పచ్చిక మీదికి చేర్చి, దూరం నుంచి దొర్లించి రెండో దెబ్బకే గుంటలో వేశాడు. ఫెర్గసన్‌కి నాలుగు పట్టాయి. ఒక్క దెబ్బ తేడాతో పోయింది.

ఆ తర్వాత ఆయనకి టైఫాయిడ్ వచ్చింది. మళ్ళీ ఓపెన్ గెలవలేదు. చివరికి ఇదే మైదానంలో ఇతరుల సంచులు మోస్తూ, గడ్డి సంరక్షణ చూస్తూ కాలం గడిపాడు. ఒకప్పుడు హీరోగా వేసి, తర్వాత గుంపులో నిలబడిన ముఖాల్ని మద్రాసు స్టూడియోల గేట్ల దగ్గర నేను చూశాను. వాళ్ళ కళ్ళల్లోకి సూటిగా చూడలేకపోయేవాణ్ణి.

మిసెస్ ఫోర్‌మన్ కిటికీ

ఆట ఎలా ఉంటుందంటారా? మైదానం మొత్తం మూడువేల గజాల లోపే. చెట్టన్నది లేదు. పెద్ద గుట్టలు లేవు. చూట్టానికి సాదాసీదాగా ఉంటుంది. కానీ నేల ఎక్కడా సమంగా ఉండదు. చిన్న చిన్న అలల్లాగా లేచి పడుతూ ఉంటుంది. మధ్యలో మధ్యలో గుర్రాల బాట కంచె అడ్డం. బంతిని ఎత్తుగా కొట్టామా, గాలి ఎగరేసుకుపోతుంది. కింద నుంచి పరిగెత్తించటమే తెలివి. గుంటలన్నిటికీ ముద్దుపేర్లున్నాయి. ఒకదాని పేరు 'గ్రేవ్స్', అంటే సమాధులు. 1547 నాటి పింకీ యుద్ధంలో చచ్చిపోయిన సైనికుల్ని అక్కడ పాతిపెట్టారని చెప్పుకుంటారు. ఓ మహా ఇసక గుంటకి 'పాండీ' అని పేరు. పాండిమోనియం, అంటే నరకలోకపు రాజధాని, దానికి కుదింపట! ఆ ఇసకలో పడ్డవాడి అరుపులు విన్నాక ఎవరో పెట్టి ఉంటారు.

మొదట్లో తూర్పుకి నడుస్తాం. అక్కడ గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వీస్తుంది గనక వీపు తడుతూ పంపిస్తుంది. ఆహా, మనమెంత మొనగాళ్ళం అనిపిస్తుంది. నాలుగో గుంట పేరు 'మిసెస్ ఫోర్‌మన్స్'. పచ్చికని ఆనుకుని ఆవిడ సారాయి అంగడి ఉండేది. గోడకున్న కిటికీలోంచే ఆటగాళ్ళకి గ్లాసులు అందించేవారు.

1870లో టామ్ మారిస్, విల్లీ పార్క్ అనే ఇద్దరు హేమాహేమీలు పందెం కట్టి ఆడుతున్నారు. పార్క్ ఈ ఊరివాడే. అభిమానుల గోల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు! మారిస్ బంతిని ఆడనివ్వకుండా జనం అల్లరి చేశారు. మారిస్ ఏం చేశాడు? రిఫరీతో సహా తిన్నగా ఫోర్‌మన్ గారి అంగట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. బయట పార్క్ చూసి చూసి, మిగతా గుంటలన్నీ ఒక్కడే ఆడేసి, 'నేనే గెలిచాను' అన్నాడు. ఏ కథారచయిత అయినా ఈ సీను రాస్తే, నమ్మశక్యంగా లేదని డైరెక్టరు కొట్టేస్తాడు.

ఆ అంగడి దాటి సముద్రం వైపు తిరగ్గానే అసలు సంగతి తెలుస్తుంది. ఇంతసేపూ వీపు తట్టిన గాలే ఇప్పుడు మొహాన కొడుతుంది. తొమ్మిది గుంటల్లోనే ఇంటర్వెల్, ట్విస్టు రెండూ ఉన్నాయి!

గంపలు మోసినవాళ్ళు

నేను వెళ్ళింది చూట్టానికే. కానీ అక్కడ డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చని తెలిసింది. పాతకాలపు చెక్క కర్రలు కూడా అద్దెకిస్తారు. లోపలున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంతకు ముందు ఆడారా?" అన్నాడు.

"లేదు. మా నాన్న క్యాడీ" అన్నాను.

అరవై ఏళ్ళు దాటాక, పక్కన కూతురుండగా, జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. మా అమ్మాయి తిరిగి చూసింది. దానికీ తెలియదు మరి! తాతయ్య క్లబ్బు గుమాస్తా అనే చెప్పాను.

ముసలాయన ఆశ్చర్యపోలేదు. ఈ ఊళ్ళో పెద్ద ఆటగాళ్ళు చాలామంది క్యాడీలేనన్నాడు. 1886లో గెలిచిన డేవిడ్ బ్రౌన్ ఇళ్ళకి పలకల కప్పు వేసే పనివాడని చెప్పాడు. తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ ఊరి చేపలమ్మే ఆడవాళ్ళు వీపున గంపలేసుకుని ఎడింబరో దాకా మోసుకెళ్ళి అమ్మేవారు. పండగలప్పుడు వాళ్ళు ఇదే మైదానంలో గోల్ఫు ఆడేవారు. వాళ్ళకి 1811 జనవరిలో పోటీ పెట్టాలని ఇక్కడి గోల్ఫు సంఘం 1810 డిసెంబరులో తీర్మానించింది. బహుమతి ఏమిటో తెలుసా? కొత్త చేపల గంప! తర్వాతివాళ్ళకి పట్టు చేతిరుమాళ్ళు.

బరువు మోసేవాళ్ళు అక్కడ ఆడారండీ. ఆ రోజున వాళ్ళని ఎవరూ ఆపలేదు.

అమ్మాయి సంచీ అందుకోబోయింది. "నేను మోస్తాను నాన్నా." ఇవ్వలేదు. భుజాన వేసుకున్నాను. ఆరేడు కర్రలే అయినా పట్టీ ఎముకని ఒత్తింది. నాన్న కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి ఉండేది. కూర్చోవటం అలవాటు లేక అలా అయిందని అనుకునేవాణ్ణి.

నా ఆట గురించి ఎక్కువ చెప్పను. పాండీ లాంటి ఇసకలో పడి నేనూ అరిచాను. సముద్రం పక్కగా వెనక్కి వచ్చే 'బేదింగ్ కోచ్' అనే పొడుగాటి గుంట దగ్గర గాలి మరీ విజృంభించింది. పూర్వం స్నానాలకి వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకునే చక్రాల బళ్ళు అక్కడ నిలిపేవారట. కర్ర తీయబోతే నాన్న గొంతు వినిపించినట్టయింది. ఇంటికొచ్చాక అమ్మతో అనేవాడు: "ఎదురు గాలప్పుడు ఒక కర్ర పెద్దది తీసుకుని మెల్లిగా కొట్టండి సార్ అంటే వినరే! చిన్నదాంతో గట్టిగా బాదుతారు." పెద్ద కర్ర తీశాను. మెల్లిగా కొట్టాను. బంతి నేల బారున, అలల మీద పడవలాగా పరిగెత్తి పచ్చిక దగ్గర ఆగింది.

అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఎక్కడ నేర్చుకున్నావు?"

"మీ తాతయ్య చెప్పాడు."

చివరి గుంట వెడల్పు 4.25 అంగుళాలు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. ఆ కొలత పుట్టింది ఈ ఊళ్ళోనే. 1829లో ఇక్కడ గుంట కోసే పనిముట్టు ఒకటి చేయించారు. దాని కోత అంత. తర్వాత లోకమంతటికీ అదే శాసనమయింది. మా ఊరి క్లబ్బులో నాన్న ఇరవై రెండేళ్ళు చూసిన గుంట కూడా అంతే అన్నమాట.

పట్టరు తీశాను. సరైన కర్రే! మొదటి దెబ్బ తప్పింది. రెండోదీ తప్పింది. మూడోదానికి బంతి గుంటలో పడి టక్కుమంది. మొత్తం ఎన్ని దెబ్బలయ్యాయని అమ్మాయి అడిగింది. నాకు తెలియదు. లెక్కపెట్టలేదు.

నాన్న అయితే లెక్క తప్పేవాడు కాదు.