మా అమ్మ సమాధికి రాయి లేదు

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. ఆసామి చేలో మిరపకాయలు కోసేటప్పుడు దప్పికైతే మా అమ్మ దోసిలి పట్టేది. వాళ్లు ఎత్తున నిలబడి నీళ్లు పోసేవాళ్లు. చెంబు అమ్మ చేతికి తగిలితే మైల. అదే అమ్మ ఆదివారం తెల్లచీర కట్టుకుని, నెత్తిన ముసుగేసుకుని గుళ్లో చాపమీద కూర్చునేది. అయ్యగారు పౌలు పత్రికలు చదువుతుంటే "పరిశుద్ధులు" అనే మాట మాటిమాటికీ వచ్చేది.

ఒకరోజు అడిగాను. "పరిశుద్ధులంటే ఎవరే అమ్మా?"

"మనమేరా" అంది.

నాకు నవ్వొచ్చింది. పరిశుద్ధులంటే పటంలో తలవెనక వెలుగు చక్రం ఉన్నోళ్లు గదా! ఆసామి కొట్టంలో పేడ ఎత్తే మా అమ్మ పరిశుద్ధురాలేంది?

పెద్దయ్యాక ఆ పత్రికలు నేనే చదువుకున్నాను. అమ్మ చెప్పిందే నిజం. రోములో, కొరింథులో, ఫిలిప్పీలో ఉన్న మామూలు విశ్వాసులందర్నీ పౌలు ఆ మాటతోనే పిలిచాడు. చచ్చాక ఇచ్చే బిరుదు కాదు, బతికుండగానే. కొరింథోళ్లలో గొప్పింట పుట్టినోళ్లు ఎక్కువమంది లేరని ఆయనే రాశాడు. వాళ్లు మచ్చలేని మనుషులూ కాదు. తగవులు పడ్డారు. ప్రభువు బల్ల దగ్గర ఉన్నోళ్లు ముందే తిని తాగితే లేనోళ్లు పస్తున్నారు. దానికి పౌలు గట్టిగా గడ్డి పెట్టాడు. అయినా వాళ్లను పిలిచిన పేరు అదే. మడి పుట్టుకతో వస్తుందంటారు, మైల ముట్టుకుంటే వస్తుందంటారు. ఈ పరిశుద్ధత ఆ లెక్కలోది కాదు. దేవుడు "నా వాళ్లు" అన్నందుకు వచ్చేది.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. కరువులో కూటికోసం కలిశారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పని పెట్టించి కూలి ఇప్పించాడు. కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సరే, కూడు సంగతి పక్కన పెట్టండి. ఊరంతా మైల అన్న మనిషిని ఒకరు పరిశుద్ధుడా అంటే, ఆ మనిషి ఏట్లోంచి ఎట్లా లేచుంటాడు?

మరి నేనో? బళ్లో వేసేటప్పుడు మా నాయిన "హిందూ మాదిగ" అని రాయించాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. గుడికి పోయినంత మాత్రాన మా అమ్మను చెంబు ముట్టుకోనిచ్చారా? తప్పు మా నాయినది కాదు. కులమో దేవుడో ఒకటే చెప్పుకోమన్న ఆ ఉత్తర్వుది. ఆ కాగితంతోనే చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను.

అమ్మ పోయింది. సిలువ రాయి వేయించబోతే మావాళ్లు అడ్డం పడ్డారు. "ఎవడో ఒకడు అర్జీ పెడతాడు. ఉద్యోగం పోద్దిరా" అన్నారు. ఆగిపోయాను. మట్టి కుంగింది. తుమ్మ మొలిచింది. "మనమేరా" అన్న మనిషికి నేను చేసిన మర్యాద అది.

రోజూ పిల్లలకు నిజం చెప్పమని పాఠం చెప్తాను. ఈ నాలుగు ముక్కలు అచ్చయితే ఏమవుతుందో నాకు తెలుసు. అర్జీ పెట్టేవాళ్లు పెట్టుకోండి. వచ్చే క్రిస్మస్‌లోపు రాయి వేయిస్తాను. అమ్మ పేరు, సిలువ, కింద ఒక్క మాట: పరిశుద్ధురాలు.