జీపుకు ముక్కు

పిల్లలూ, ఇంజను కూడా మనలాగే గాలి పీలుస్తుంది. గాలి లేనిదే డీజిలు మండదు. ఆ గాలి బానెట్టు కింద ఉన్న ఫిల్టరు గుండా లోపలికి పోతుంది. గాలికి బదులు నీళ్ళు పోతే ఏమవుతుంది? సైకిలు పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కి చూడండి. లోపల గాలి ఉంటే పిడి కొంతదూరం దిగుతుంది. పంపు నిండా నీళ్ళుంటే దిగనే దిగదు. నీరు గాలిలాగా నొక్కుకుపోదు. ఇంజనులో వేగంగా పైకి వచ్చే పిస్టనుకు నీరు అడ్డుపడితే, దాన్ని తోసే ఇనుపకడ్డీ వంగిపోతుంది.

అందుకని కొన్ని జీపులకు ఇంటికప్పు గొట్టంలా పొడుగాటి ముక్కు తగిలిస్తారు. దాని పేరు స్నార్కెల్. 1944 జూన్ 6న మిత్రసైన్యాలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగినప్పుడు, సముద్రపు నీళ్ళలోంచి ఒడ్డుకు రావలసిన అనేక బళ్ళకు ఇటువంటి గొట్టాలు అమర్చారు.

"ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మన అనంతపురం సీమలో ఇదెందుకు, మాస్టారూ?" అంటారేమో. మా ఊరి మెకానిక్కును నేనూ అదే అడిగాను. అతను నా పాత శిష్యుడు. బడిపిల్లలను ఎక్కించుకుపోయే తన పాత జీపుకు ముక్కు కడుతున్నాడు.

"ముందు దుమ్ముకు, సార్, తరవాతే నీళ్ళకు," అన్నాడతను.

నిజమే! మట్టిదారిలో ముందుబండి లేపే దుమ్ము నేల దగ్గర ఎక్కువ, జీపు కప్పు ఎత్తున తక్కువ. పైగాలి పీలిస్తే ఫిల్టరు త్వరగా పూడుకుపోదు.

అతను పొలాలకు వేసే పి.వి.సి. పైపే తీసుకున్నాడు. పైపు సన్నమైతే ఇంజనుకు ఊపిరాడదు గనక, ఫిల్టరు మూతికన్నా వెడల్పైనది ఎంచాడు. ఇంజను వేడి తగిలేచోట మాత్రం రబ్బరు గొట్టం వేసి, క్లిప్పులు బిగించాడు. పైపును ముందుఅద్దం పక్కగా కప్పుదాకా లేపాడు. ఆపైన ఇంజను నడుస్తూండగా పైపు మూతిని చెక్కముక్కతో మూశాడు. రెండుమూడు క్షణాల్లో ఇంజను ఆగిపోయింది. ఆగకపోతే ఎక్కడో అతుకు కారుతున్నట్టే! ఈ పరీక్ష పెద్దలే చెయ్యాలి, మీరు చెయ్యకండి.

"ఇక వంకకు ఎంత నీరొచ్చినా దాటేస్తాం, సార్!" అన్నాడతను సంతోషంగా.

నేను సుద్దముక్క తీసి బానెట్టుమీదనే ఒక లెక్క వేశాను. మీరూ వెయ్యండి. జీపు అడుగుభాగం 3 మీటర్ల పొడుగు, 1.5 మీటర్ల వెడల్పు అనుకుందాం. నీరు అడుగుభాగాన్ని దాటి 10 సెంటీమీటర్లు లేస్తే, జీపు పక్కకు నెట్టే నీరు 0.45 ఘనపు మీటరు, అంటే 450 కిలోలు. ఆర్కిమిడీస్ చెప్పిన ప్రకారం అంత బరువునూ నీరు పైకెత్తుతుంది. 30 సెంటీమీటర్లు లేస్తే 1,350 కిలోలు! జీపు 1,500 కిలోలుంటే చక్రాలమీద మిగిలేది 150 కిలోలే. నీరు లోపలికి కారేలోపల ప్రవాహం పక్కనుంచి ఒక్క తోపు తోస్తే చాలు. ఇంజను చక్కగా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, బండి మాత్రం కొట్టుకుపోతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో ఒక కారు చిక్కుకున్నది. కారులోవాళ్ళను కాపాడబోయిన జె.సి.బి. జీపుకన్నా ఎన్నో రెట్లు బరువైనది, అదీ చిక్కుకుపోయింది. చివరకు వైమానికదళం హెలికాప్టరు వచ్చి 10 మందిని రక్షించింది. చిత్రావతి పుట్టేది కర్ణాటకలో, చిక్కబళ్ళాపురం వైపున. అక్కడ వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తూండగానే ఏరు రావచ్చు.

శిష్యుడు లెక్కను రెండుసార్లు సరిచూసుకున్నాడు. తరవాత ఎర్రరంగు తెచ్చి, చక్రాల ఇరుసు ఎత్తున జీపు పక్కన ఒక గీత గీశాడు. నీరు ఆ గీతను అందుకునేలా ఉంటే బండి ఒడ్డునే ఆగాలి. పారే నీటి లోతు తెలియకపోతే అసలు దిగనే కూడదు.

ఆ గీతను చూడవలసిన పని జీపు ఎక్కే పిల్లలకే అప్పగించాడు. మీ బండికి గీత లేకపోయినా ఫరవాలేదు. వంక పారుతూంటే, "ఆగుదాం!" అని మీరే గట్టిగా చెప్పండి. ఆ రోజు బడికి ఆలస్యమైతే ఏ మాస్టారూ కోప్పడడు.