పవర్‌హౌస్ ఒక చోట ఉండదు

"రొమ్ము తీసేశారు కదా, మరి వెన్నులోకి ఎలా పోయిందిరా?"

స్కానింగ్ రిపోర్టు చేతిలో పట్టుకుని పెద్దమ్మ అడిగింది. ఆపరేషనై నాలుగేళ్లు. నా దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర మాత్రం ఒకటి ఉంది: మొన్న పండక్కి నీళ్ల బిందెలు మోసిందట, ఆ బరువుకే గడ్డ కదిలిందట.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రాత్రిళ్లు ఫోన్లో చదవడం మొదలుపెట్టా.

మైటోకాండ్రియా గుర్తుందా? స్కూల్లో ఒక మార్కు ప్రశ్న. 'కణశక్త్యాగారం' అని రాసేసి మర్చిపోయాం. బొమ్మలో చిక్కుడు గింజలా ఓ మూల పడి ఉండేది. నిజానికి అది కుదురుగా ఉండే రకం కాదు. కణంలో సూక్ష్మనాళికలు రైలు పట్టాల్లా పరుచుకుని ఉంటాయి. కైనెసిన్ లాంటి మోటార్ ప్రోటీన్లు వాటి మీదుగా మైటోకాండ్రియాను లాక్కెళ్తాయి. నాడీకణాల్లో ఇది మరీ అవసరం. వెన్ను నుంచి పాదం దాకా పోయే నాడీతంతువు దాదాపు మీటరు పొడవుంటుంది. కరెంటు కావాల్సిన చోట జనరేటర్ ఆగాలి కదా! అలా ఆపే లంగరు పేరు సింటాఫిలిన్.

దీనికీ క్యాన్సర్‌కీ ఏంటి సంబంధం? అమెరికాలో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో డారియో ఆల్టియెరి బృందం 2015లో ఒక వింత చూసింది. కణానికి 'పెరుగు' అని చెప్పే పీఐ3కే అనే సంకేతాన్ని ఆపే మందుల్ని ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల మీద వేశారు. చావకుండా మిగిలిన కణాల్లో, కేంద్రకం చుట్టూ ఉండే మైటోకాండ్రియా అంచులకు చేరాయి. కణం ముందుకు పాకాలంటే అంచునే చాపుకుంటూ పోవాలి. దానికి ఏటీపీ కావాలి. జనరేటరే పక్కకొచ్చి కూర్చుంటే ఇంకేముంది, పాకడం ఎక్కువైంది. ఆపడానికి వేసిన మందు, మిగిలినవాటికి కాళ్లిచ్చింది!

మరుసటి ఏడాది అదే బృందం ఆ లంగరు క్యాన్సర్ కణాల్లోనూ ఉందని చూపించింది. అది తగ్గితే మైటోకాండ్రియా అంచులకు పోతాయి, ఎలుకల్లో క్యాన్సర్ వేరే అవయవాలకు ఎక్కువగా పాకుతుంది. 2017లో వచ్చిన పేపర్ నన్ను ఇంకా ఆపేసింది. లంగరు పోయిన కణాలు పెరగడం తగ్గించి, తిరగడం పెంచాయి. అంటే గడ్డ ఎదగడం ఆగిందని మనం ఊపిరి పీల్చుకునే టైమ్‌లోనే కొన్ని కణాలు మూటాముల్లె సర్దుకుంటూ ఉండొచ్చు.

ఇదంతా ల్యాబ్‌లో, ఎలుకల్లో చూసింది. చదివేసి మందులు మానేస్తారేమో, ఆ పని మాత్రం చేయకండి. పెద్దమ్మ విషయంలో జరిగిందీ ఇదేనని నేను చెప్పలేను. కానీ ఆమెకు చెప్పా, ఫోన్లో బొమ్మలు చూపిస్తూ. పట్టాలు, జనరేటర్, లంగరు. శ్రద్ధగా వింది.

"ఆ లంగరు వేసే మందుందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

కాసేపు ఊరుకుంది. మాత్ర వేసుకుని, గ్లాసు కింద పెట్టింది.

"అయితే బిందెల వల్ల కాదంటావు."

కాదన్నా. కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ కాదన్నా.