ఉద్ధృతి దినముల ఆయవ్యయము

దీర్ఘవ్యాధితో ఉద్యోగము నెట్టుకొనివచ్చువారు ధనమును గూర్చి యోచించునప్పుడు మొట్టమొదట మందుల ధరనే లెక్కించుట లోకసహజము. అరకులోయలోని గిరిజన ఆశ్రమ పాఠశాలలో గణితము బోధించుచు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో కొన్ని సంవత్సరములుగా జీవించుచున్న నాకు మాత్రము, ఈ వ్యాధి ఉద్ధృతమైనప్పుడు ఔషధముకంటె దినములే మిక్కిలి ప్రియమైనవని అనుభవము నేర్పినది. దినములను నేను కూడబెట్టిన విధమును, ధనమును విభజించిన విధమును ఇట్టి అవస్థలోనున్న తోడి ఉద్యోగులకు ఉపకరించునను ఆశతో వ్రాయుచున్నాను.

శరీరమును రక్షింపవలసిన శక్తియే మెదడులోను వెన్నుపాములోను నరముల తొడుగును హరించుట ఈ వ్యాధి స్వభావము. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను. జ్వరముగాని అంటురోగముగాని లేకుండ క్రొత్త లక్షణము 24 గంటలకు మించి నిలిచినచో దానిని రిలాప్సు అందురు. అప్పుడు సాధారణముగా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడును దినమునకు 1 గ్రాము చొప్పున 3 మొదలు 5 దినములు సిరలోనికెక్కింతురు. ఈ జాతి మందులకు మూలమైన కార్టిజోను పరిశోధనకు 1950లో నోబెల్ బహుమానము లభించినది. అంతటి ఘనచరిత్ర గలదైనను, ఈ ఔషధము కోలుకొనుటను త్వరితపరచునేగాని, చివరకు మిగులు లోపమును తగ్గించునని రుజువు కాలేదు. ఈ సత్యమును గ్రహించిననాడే నా పద్దుపుస్తకము రెండు భాగములైనది: స్టెరాయిడునకు పెట్టు వ్యయము కాలమును కొనుటకు, రిలాప్సు రాకుండ వాడు నివారక ఔషధమునకు పెట్టు వ్యయము దేహమును నిలుపుకొనుటకు.

పదవ తరగతి పరీక్షలు సమీపించి, రాత్రి చదువుల పర్యవేక్షణ కూడ మీదనున్న మాఘమాసమున ఒకనాడు, జేబులో చేయిపెట్టగా రూపాయి బిళ్ల యేదో రెండు రూపాయల బిళ్ల యేదో వ్రేళ్లకు తెలియకపోయెను. మరునాటికి కుడికాలు బరువెక్కెను. మన్యమున జ్వరము పొంచియుండును. జ్వరతాపమునకు పాత లక్షణములు తాత్కాలికముగా తలయెత్తును. లోపల అంటురోగముండగా స్టెరాయిడు పుచ్చుకొనుట ప్రమాదము. అందుచేత ముందుగా ఇచ్చటి ఏరియా ఆసుపత్రిలో మలేరియాకు రక్తపరీక్షయు, మూత్రపరీక్షయు చేయించుకొంటిని. ఈ చిన్న పరీక్షలు కొన్నిమార్లు విశాఖ ప్రయాణమునే, దాని వెంట వచ్చు బసఖర్చునే తప్పింపగలవు. నా విషయమున జ్వరము లేదని తేలినది. ఘాట్ రోడ్డు మలుపులకు ఓర్వజాలక కిరండూల్ పాసింజరులో దిగువనున్న విశాఖకు బయలుదేరితిని.

ఇట్లు బయలుదేరుటకు ధైర్యమిచ్చినది సెలవుల నిల్వ. ప్రభుత్వోపాధ్యాయునకు సంవత్సరమునకు 20 దినముల అర్ధవేతన సెలవు జమయగును. వైద్య ధ్రువపత్రముపై దానిని రెండింతలు ఖర్చు వ్రాయించి పూర్ణవేతనముతో పొందునదే కమ్యూటెడ్ సెలవు. సర్వీసు మొత్తమున దానికి 240 దినముల హద్దు కలదు. పెండ్లిండ్లకును ఇంటి పనులకును ఈ ఖాతాను ముట్టరాదని వ్యాధి బయల్పడిన యేడే నిర్ణయించుకొని, సర్వీసు రిజిస్టరులోని నిల్వను ఏటేట సరిచూచుకొనుచుంటిని. కాబట్టియే, పరీక్షలు ముగియువరకు ఓర్చుకొమ్మను సలహాలను ప్రక్కకుపెట్టి, తరగతిని సహోద్యోగికి అప్పగించి, జీతము తెగకుండ చికిత్సకు పోగలిగితిని.

సెలైను సీసాలో కలిపిన మందు బొట్టుబొట్టుగా దిగుచుండగా నోట ఇనుపరుచి ఊరును. స్టెరాయిడు మధుమేహము లేనివారికిని చక్కెరను పెంచగలదు గనుక నర్సు వ్రేలిని పొడిచి చూచుచుండును. మొత్తము ఖర్చులో మందు ధర అల్పభాగమే. స్కాను, గది అద్దె, తోడు వచ్చినవారి భోజనము, వారు విడిచివచ్చిన పని, ఇవియే పెద్ద పద్దులు. ఉదయము వచ్చి మధ్యాహ్నము వెడలు చికిత్సకు కొన్ని బీమాలు సొమ్ము చెల్లింపక 24 గంటల ఆసుపత్రి వాసమును కోరును; సూది గ్రుచ్చుటకు ముందే ఆ సంగతి విచారించుట శ్రేయస్కరము.

ఈ ఔషధము నిద్రను హరించి, కొందరి మనస్సును అతిగా ఉత్తేజపరచును, కొందరిని క్రుంగదీయును. అట్టి రాత్రులలో చేసిన లెక్కలను నమ్మరాదు. మాకు సిల్వర్ ఓకు నీడను కాఫీతోటయు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలును కలవు. తీగమీది మిరియములకు ముందుగానే బయానా ఇచ్చెదనని షావుకారు ఫోను చేసినది సరిగా ఆ దినములలోనే. స్టెరాయిడు వాడునంత కాలమును, అటుపై రెండు వారములును అమ్మకముగాని, అప్పుగాని, పాలసీ సరెండరుగాని చేయరాదనియు, పాస్‌బుక్కు నా భార్య అధీనమున నుండవలెననియు మేము ముందే ఏర్పరచుకొంటిమి. ఆమె, "కోత అయినాక మాటాడుదుము బాబూ" అని ఫోను పెట్టివేసెను. 1/70 చట్టము మా భూమిని గిరిజనేతరుల పాలుగాకుండ కాపాడుచున్నది. అదే కారణమున భూమిని రాత్రికి రాత్రి రొక్కముగా మార్చుకొను త్రోవయు లేదు. కాఫీ సొమ్ము ఏడాదికొకమారే చేతికందును. అందుచేత మూడు నెలల ఇంటిఖర్చును బ్యాంకులో వేరుగా నుంచితిమి. తోట జోలికి పోనవసరము లేకపోయెను.

అయినను నా పొదుపులో అగ్రస్థానము నివారక ఔషధమునకే. లింఫోమా చికిత్సకై వచ్చిన రిటుక్సిమాబ్‌ను నాడీవైద్యులు ఈ వ్యాధికిని వాడుచున్నారు, దాని బయోసిమిలరును హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసినది. ఆ మందునకు నాకు ఆరునెలలకొకమారు పడు ఖర్చును ఆరు భాగములు చేసి, జీతము పడిన దినముననే ఆరునెలల రికరింగ్ డిపాజిట్టునకు మళ్లింతును. రిలాప్సు రాకుండ కాచునది ఆ పద్దు గనుక, పిల్లల ఫీజువలెనే అదియు వాయిదా వేయరానిది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరుపెట్టి తన పట్టికలో చేర్చి, సేవలోనుండగా వైకల్యము పొందిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదని శాసించుచున్నది. కాని నా ప్రక్క గదిలో అదే పాఠము చెప్పు కాంట్రాక్టు ఉపాధ్యాయునకు నావంటి అర్ధవేతన సెలవుల ఖాతా లేదు. ఆయనకు నేనిచ్చు సలహా భిన్నము: చీటీకంటె, బంగారముకంటె ముందుగా రెండు నెలల జీతమును రొక్కముగా నిలుపుకొనవలెను, ఆయన సెలవు ఖాతా అదియే గనుక. ఆ భారమును ఆయన ఒక్కడే మోయకుండునట్లు, వైద్యపు సెలవును కాంట్రాక్టు ఉపాధ్యాయులకును వర్తింపజేయుట ప్రభుత్వము వెంటనే చేయదగిన పని.