ధరణికోట రేవు - బృహస్పతి తోక

అమరావతికి వెళ్ళినవారు అమరేశ్వరస్వామినీ, స్తూపాన్నీ చూసి తిరుగు ప్రయాణం కడతారు. పక్కనే ఉన్న ధరణికోటకు పోయేవారు తక్కువ. పోయి చూడవలసిన ఊరు అది. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. 1960 ప్రాంతాల తవ్వకాలలో అక్కడ పాతకాలపు పడవల రేవు బయటపడ్డది. కృష్ణ నుంచి పడవలు వచ్చేందుకు కాలువ, గట్టున కొయ్యగుంజలు! ఇటుక కట్టడం తరవాత వచ్చింది.

పారే నీటిలో గుంజ పాతితే ఏమవుతుంది? ఎగువన నీరు గుంజను ఒరుసుకుని రెండుగా చీలుతుంది. దిగువన సుడులు తిరుగుతూ ఒక చార చాలా దూరం సాగుతుంది. కృష్ణ ఒడ్డున ఎక్కడైనా ఒక కర్ర పాతి చూడండి, పెద్దవాళ్ళను వెంట పెట్టుకుని మాత్రమే సుమా!

ఆకాశంలోనూ ఇలాంటి చార ఉన్నది. సూర్యుడి నుంచి ఎల్లప్పుడూ ఒక ప్రవాహం వస్తూ ఉంటుంది. అది విద్యుదావేశం గల కణాల ప్రవాహం. అటువంటి పదార్థాన్ని ప్లాస్మా అంటారు. దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. బృహస్పతి గొప్ప అయస్కాంతం గదా, దాని బలం ఈ ప్రవాహానికి గుంజలాగా అడ్డు నిలుస్తుంది. అందుచేత సూర్యుడికి అవతలి వైపున పొడుగాటి అయస్కాంతపు తోక ఏర్పడింది. ఎంత పొడుగంటారా? 1981లో వాయేజర్-2 శనిగ్రహానికి పోతూ ఉంటే, అంత దూరాన కూడా ఈ తోక దానికి తగిలింది!

ధరణికోట గట్టు మీద నిలబడి రాత్రివేళ బృహస్పతిని చూడవచ్చు. మంచి దుర్భిణి ఉంటే చుట్టూ ఉన్న నాలుగు పెద్ద చందమామలూ కనిపిస్తాయి. తోక మాత్రం కనిపించదు. అది అతి పలచన.

కనిపించని దాన్ని కొలవాలంటే అందులోకి పోవలసిందే. ప్లూటోకు బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌక, వేగం పెంచుకునేందుకు 2007 ఫిబ్రవరి 28న బృహస్పతి పక్కగా పోయింది. ఆపైన దాని దారి తోక వెంటనే పడ్డది. మూడు నెలలకు పైగా, 17 కోట్ల కిలోమీటర్లు! అంతకు ముందు ఏ నౌకా ఆ తోక వెంట అంత దూరం పోలేదు.

నౌకలో స్వాప్ అనే పరికరం ఉన్నది. ఒకదానిలో ఒకటి అమర్చిన గిన్నెల వంటి వంపు రేకులు, వాటి మధ్య సన్నని సందు. రేకులకు విద్యుత్తు ఇస్తే, లోపలికి వచ్చిన కణం వంపు తిరుగుతుంది. మలుపులో మరీ జోరుగా వచ్చిన బండి బయటి గోడకూ, నెమ్మదిగా వచ్చినది లోపలి గోడకూ తగిలినట్టు, తగిన శక్తి గల కణమే అవతలికి చేరుతుంది. అక్కడ దాన్ని లెక్కపెడతారు. విద్యుత్తును మార్చుకుంటూ పోతే అన్ని రకాల కణాల లెక్కా తేలుతుంది.

తేలినదేమిటి? తోకలో ప్లాస్మా సాఫీగా పారడం లేదు. పెద్ద పెద్ద ముద్దలుగా కొట్టుకుపోతున్నది. మరో పరికరానికి అందులో గంధకమూ, ఆమ్లజనీ చిక్కాయి. బృహస్పతికి గంధకం ఎక్కడిది? అయో అనే చందమామ మీది అగ్నిపర్వతాలది! అక్కడి నుంచి సెకనుకు సుమారు ఒక టన్ను సరుకు బయటికి పోతూ ఉంటుంది.

ప్లాస్మాను కొలిచే పరికరం మనకూ ఉన్నది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1లో దాన్ని అమర్చారు. దాని పేరు పాపా. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే అలా వచ్చింది, చంటిపాపకూ దానికీ సంబంధం లేదు! ఆదిత్య చేరినది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి వైపున. అంటే తోకలో కాదు, గుంజకు ఎగువన అన్నమాట.