అగ్గి పుట్టకముందే రాసిన అర్జీ

షోలాపూర్‌లో మా గల్లీవాళ్లం ఈ ఏడాది ఒక అర్జీ రాసినం. కార్ఖానాల్లో అగ్గి పుట్టకుండ చూసుకునేందుకు పైసలియ్యమని. "కాలినంక ఇస్తరు గానీ, కాలకముందే ఎవరిస్తరు మామా?" అని పిల్లలు నవ్విండ్రు. ఎట్ల రాసినమో చెప్తే మీకూ పనికొస్తదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

2025 మే 18 తెల్లవారుజామున ఇక్కడి అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో తువ్వాళ్ల కార్ఖానా కాలి ఎనిమిది మంది పోయిండ్రు. యజమాని, ఆయన ఇంటోళ్లు, కూలీలు, ఒక పసివాడు. ఆ ఇల్లు కార్ఖానాలోనే ఉండె. మా గల్లీలో కూడ అంతే గదా. కింద సాంచాలు, మీద కాపురం. దిగేటందుకు ఒక్కటే మెట్ల దారి, అది కూడ సాంచాల నడుమ నుంచే. ఆ వార్త విన్న రాత్రి చాలా ఇండ్లల్ల నిద్ర లేదు.

పైసలు ఎక్కడివంటే, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంలో నూటికి 2 రూపాయలు సమాజం కోసం ఖర్చు పెట్టాలె. అట్లాంటి ఒక కంపెనీకి మా సంఘం పేరు మీద రాసినం. ఒక్కొక్కరు పోయి అడిగితే ఇయ్యరు, రిజిస్టరైన సంఘం కావాలె.

ఫారంలో మొదటి ప్రశ్నకే ఆగిపోయినం. "సమస్య ఉన్నదనేటందుకు ఆధారం ఏమిటి?" అని. నేను నాలుగో తరగతి చదివినోణ్ణి. మా కోడలు నోటుబుక్కు పట్టింది, నేను ముందు నడిచిన. ఇరవై రెండు షెడ్లు తిరిగినం. మంటలార్పే సిలిండర్లు ఐదు షెడ్లల్లనే ఉన్నయి. వాటిలో ముల్లు పచ్చ రంగు మీద ఉన్నవి రెండే. మిగిలినవి గోడకు అలంకారం. వైర్ల మీద దూది బూజు వేలాడుతున్నది. మిల్లులో ముప్పై ఏండ్లు చూసిన మనిషిని, ఆ బూజుకు ఒక్క మిణుగు చాలు.

కొందరు తలుపు తియ్యలేదు. లెక్క రాస్తే ఆఫీసరు వచ్చి షెడ్డు మూస్తడని యజమానికి భయం, కూలి పోతదని పనోళ్లకు భయం. ఆ భయం తప్పు కాదు. అందుకే ఎవ్వరి పేరూ రాయలేదు, లెక్క మాత్రమే రాసినం. అప్పుడు తీసిండ్రు.

ఫైర్ బ్రిగేడ్‌లో చేసి రిటైరైన ఒక తమ్ముడు చెప్పిండు: "అన్నా, మంటకన్నా ముందు పొగ చంపుతది. లోపల పాలిస్టర్ నూలున్నదా, గ్యాసున్నదా, మనుషులు పండుకున్నరా, మాకు తెల్వదు. గుడ్డిగ పోతం." అప్పుడు 1944 ఏప్రిల్ 14 యాదికొచ్చింది. ఆ రోజు బొంబాయి డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడలో పత్తి బేళ్లు, మందుగుండు కలిసి ఉండె. ఆర్పబోయిన 66 మంది ఫైర్‌మెన్లు పేలుడులో పోయిండ్రు. ఏటా ఆ రోజు నుంచే అగ్నిమాపక వారోత్సవం మొదలైతది. పత్తి బేలు మీద మంట ఆరినట్టే కనపడి లోపల కాలుతుంటదని మనకు తెలుసు. పరాయి మనిషికి ఎవరు చెప్పాలె?

అందుకే అర్జీలో నాలుగు అడిగినం. ఐ.ఎస్.ఐ. గుర్తున్న సిలిండర్లు, వాటిని మళ్ల నింపించే ఖర్చు, ఆడోళ్లకు కూడ నేర్పించే శిక్షణ, ప్రతి షెడ్డు తలుపు పక్క లోపల ఏమున్నదో, రాత్రి ఎందరు పండుకుంటరో రాసిన బోర్డు. నింపించే ఖర్చు మరువకండి. సిలిండర్ ఇచ్చినోళ్లు మళ్ల రారు.

జవాబు ఇంకా రాలేదు. బోర్డుకు పైసలెందుకని పిల్లలు సుద్దముక్కతోనే రాసిండ్రు. శనివారం సాంచాలు ఆగినంక బూజు దులుపుతున్నం. రెండో మెట్ల దారికి మాత్రం పైసలు కావాలె, దానికి వేరే అర్జీ రాయాలె. మీ గల్లీలో లెక్క తీసినోళ్లుంటే ఈ పత్రికకు రాయండి. రెండు మూడు గల్లీల లెక్క కలిస్తే అర్జీకి బలముంటది. మంట కనపడితే మాత్రం ముందు 101కి ఫోను, తర్వాతనే బకెట్టు.