ఝుమ్రీ తిలైయా... పోస్టుకార్డులు రాసిన ఊరు

ఝుమ్రీ తిలైయా. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఇంట్లో రేడియోలో హిందీ పాటలు విన్న పెద్దవాళ్ళు ఉంటే ఒకసారి వాళ్ళ దగ్గర ఈ పేరు అని చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత, "అది నిజంగా ఉన్న ఊరేనా?" అని అడుగుతారు. చాలామంది అది రేడియో వాళ్ళు సరదాకి పుట్టించిన పేరు అనుకున్నారు మరి. ఫర్మాయిషీ ప్రోగ్రామ్ ఏది పెట్టినా, అంటే మన 'మీరు కోరిన పాటలు' లాంటిది, పాట అడిగినవాళ్ళ పేర్లలో ఈ ఊరు ఉండాల్సిందే.

ఊరు నిజమే. జార్ఖండ్‌లో, కోడర్మా జిల్లాలో ఉంది. రైల్వే మ్యాపులో వెతికితే మాత్రం దొరకదు, ఎందుకంటే స్టేషన్ బోర్డు మీద కోడర్మా అనే ఉంటుంది. కట్టుకథ అనుకోవడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నాకనిపించింది.

మా టీమ్‌లో పనిచేసే ఫ్రెండ్ వాళ్ళ అక్క పెళ్ళికి హజారీబాగ్ వెళ్ళాం. పెళ్ళి అయిపోయాక ఇంకో రోజు సెలవు మిగిలింది. అక్కడినుంచి ఝుమ్రీ తిలైయా అరవై కిలోమీటర్లు కూడా ఉండదని తెలిసి, "పోదాం పద" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "అక్కడ చూడ్డానికి ఏముందిరా?" అన్నాడు. చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. బర్హీ దాటాక రోడ్డు పక్కన తిలైయా డ్యామ్ నీళ్ళు కనిపిస్తాయి. బరాకర్ నది మీద 1953లో పూర్తయిన డ్యామ్ అది, దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ కట్టినవాటిలో మొదటిది. చుట్టూ చిన్న కొండలు, సాల్ చెట్లు. ఊళ్ళోకి వచ్చాక మామూలే: ఆటోలు, మొబైల్ షాపులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. కలాకండ్ మాత్రం తినాలి. తెల్లది, కుంకుమపువ్వు వేసింది, రెండు రకాలు. ఆ ఊరి కలాకండ్‌కి చుట్టుపక్కల జిల్లాల్లో గట్టి పేరుంది, తిన్నాక ఆ పేరు ఊరికే రాలేదని ఒప్పుకున్నాను.

నేను వెళ్ళింది మాత్రం బినాకా గీత్‌మాలా కోసం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే పడదు. శాస్త్రీయ సంగీతం వినిపిస్తే జనం అభిరుచి మారుతుందని ఆయన నమ్మకం. దాంతో ఆలిండియా రేడియోలో సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. జనం అభిరుచి మారలేదు, రేడియో ముల్లు మారింది. అది తిరిగి తిరిగి కొలంబో దగ్గర ఆగింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల కోసం సిలోన్‌లో పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధం తర్వాత రేడియో సిలోన్ చేతికి వచ్చింది. అది మన దేశం అంతటా వినిపించేది. 1952 డిసెంబర్ 3, బుధవారం రాత్రి, ఒక టూత్‌పేస్ట్ కంపెనీ ఖర్చుతో అందులో గీత్‌మాలా మొదలైంది. యాంకర్ అమీన్ సయానీ. అప్పటికి ఆయనకి 20 ఏళ్ళు కూడా నిండలేదు.

సరదా ఏంటంటే, ప్రోగ్రామ్ రికార్డయ్యేది బొంబాయిలోనే. టేపు విమానంలో కొలంబో వెళ్ళేది. అక్కడినుంచి గాలిలో మళ్ళీ మన ఇళ్ళకి వచ్చేది. ఇక్కడ రూల్స్ ఒప్పుకోవని సర్వర్ పక్క దేశంలో పెట్టుకోవడం అన్నమాట. మనం ఇప్పుడు కనిపెట్టిందేమీ కాదు.

మొదట్లో అది కౌంట్‌డౌన్ కాదు. ఏడు పాటలు వేసి, వాటిని ఒక వరసలో పెట్టమనేవారు. సరిగ్గా పెట్టినవాళ్ళకి బహుమతి. మొదటి ప్రోగ్రామ్‌కే 9,000 ఉత్తరాలు వచ్చాయనీ, తర్వాత అవి వారానికి 65,000 దాకా వెళ్ళాయనీ సయానీ చెప్పేవారు. అన్ని ఉత్తరాలు విప్పి లెక్కపెట్టలేక పోటీ ఆపేసి, 1954లో హిట్ పెరేడ్ చేశారు. రికార్డుల షాపుల అమ్మకాలు ఒక లెక్క. షాపుల లెక్క ఒక్కటీ నమ్మితే దాన్ని ఎవరైనా తారుమారు చేయొచ్చు కాబట్టి, ఊరూరా ఉన్న రేడియో శ్రోతల సంఘాల ఓట్లు ఇంకో లెక్క. నంబర్ వన్, నంబర్ టూ అనేవారు కాదు, 'పాయ్‌దాన్' అనేవారు. అంటే మెట్టు. పాట ఈ వారం ఏ మెట్టు మీద ఉందో బుధవారం రాత్రి 8 నుంచి 9 దాకా తెలిసేది. మొదటి మెట్టు పాటకి ముందు బాకా ఊదేవారు. ఆ బాకా వినడానికి హోటళ్ళ ముందు జనం నిలబడేవాళ్ళట.

నేను ఉద్యోగంలో చేసేది కూడా ర్యాంకింగ్ పనే, పాటలు కాదు గానీ వస్తువులు. అందుకే నాకు ఈ లెక్క మీద అంత ఆసక్తి.

ఝుమ్రీ తిలైయాలో టీ కొట్టు దగ్గర పాతతరం వాళ్ళు నలుగురు దొరికారు. మా ఫ్రెండ్ "చాచా" అంటూ పరిచయం చేసుకున్నాడు, మాటలు నాకు తెలుగులోకి మారుస్తూ ఉన్నాడు. నా హిందీ హైదరాబాద్ హిందీ, వాళ్ళకి నవ్వొచ్చింది. నేను అడిగింది ఒకే ప్రశ్న. "గీత్‌మాలా ఎప్పుడు ఆగిపోయింది చాచా?"

ఒకాయన వెంటనే 1988 అన్నారు. ఆ ఏడాదితో ప్రోగ్రామ్ సిలోన్ వదిలేసింది. 1989 నుంచి మన వివిధ భారతిలోనే వచ్చింది. సౌండ్ బాగుంది, గరగరలు లేవు. ఆయన కంప్లయింట్ కూడా అదే. అల మీద పాట దగ్గరికొచ్చి, దూరమై, చెవి రేడియోకి ఆనిస్తే మళ్ళీ దొరికేదట. "శుభ్రంగా వినిపిస్తే ఇంక చెవి పెట్టాల్సిన పనేముంది బేటా?" అన్నారు.

రెండో ఆయన కాదన్నారు. 1994 అన్నారు. లెక్క ప్రకారం ఆయనే కరెక్ట్, వారం వారం వచ్చిన గీత్‌మాలా ఆగింది ఆ ఏడాదే. మూడో ఆయన, ఇంట్లోకి కేబుల్ టీవీ వచ్చిన రోజే అయిపోయిందన్నారు. 2000లో మళ్ళీ కోల్గేట్ సిబాకా గీత్‌మాలా అని పెట్టారు కదా అంటే, చేత్తో తీసిపారేశారు. అది 2003 దాకా నడిచింది పాపం. ఆ నలుగురిలో ఒక్కరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నాలుగో ఆయన టీ తాగుతూ కూర్చున్నారు. ఆయన చెప్పిన తేదీ 2024 ఫిబ్రవరి. ఆ నెల 20న సయానీ ముంబైలో చనిపోయారు, 91 ఏళ్ళు. మర్నాడు వాట్సాప్‌లో పొద్దున్నుంచీ ఆ గొంతే వచ్చిందట. "బెహనో ఔర్ భాయియో" అని. అందరూ 'భాయియో ఔర్ బెహనో' అంటున్న కాలంలో ఆయన అక్కచెల్లెళ్ళని ముందు పిలిచారు, గుర్తుందా అని మా ఫ్రెండ్‌ని అడిగారు. వాడు పుట్టింది 1997లో.

ఈ ఊరే ఎందుకు? అంత పెద్ద దేశంలో ఇంత చిన్న ఊరు అన్ని కార్డులు ఎందుకు రాసింది? దీనికి జవాబు నా కాళ్ళ కిందే కనిపించింది. ఊరి చివర మట్టి దారిలో నేల తళతళా మెరుస్తోంది. అది అభ్రకం. మైకా.

మాది గూడూరు వైపు. మా దగ్గర దీన్ని కాకిబంగారం అంటారు. మా అమ్మమ్మ సైదాపురం వైపు మైకా షెడ్‌లో పనిచేసింది. రాయిలాంటి ముద్దని పొరలు పొరలుగా రేకులు తీసి, అంచులు కత్తిరించి, సైజులవారీగా పేర్చే పని. దేశంలో మైకాకి పేరున్న ప్రాంతాల్లో కోడర్మా వైపు ఒకటి, మా నెల్లూరు వైపు ఒకటి. మధ్యాహ్నం షెడ్‌లో సూపర్‌వైజర్ రేడియో పెట్టేవాడట, సిలోన్ నుంచి తెలుగు పాటలు వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గొంతు గురించి మా అమ్మమ్మ, ఆవిడేదో మా బంధువన్నట్టు మాట్లాడుతుంది.

ఈ మైకా కరెంటుని ఆపుతుంది, వేడికి కాలదు. ఇస్త్రీపెట్టెలో తీగ చుట్టేది దీని మీదే. పాత వాల్వ్ రేడియోల్లో, గాజు బుడ్డి లోపల ఆ చిన్న లోహపు ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచేది కూడా ఒక మైకా రేకే. అంటే పాట వచ్చే పెట్టె లోపల ఈ ఊరు, పాట కోరిన కార్డు మీద ఈ ఊరు. ఒకప్పుడు ఇక్కడ మైకా వ్యాపారుల దగ్గర డబ్బు బాగా ఉండేది. ఫర్మాయిషీ కార్డుల పిచ్చి మొదలుపెట్టింది కూడా ఒక మైకా వ్యాపారే అంటారు. ఆయన్ని చూసి ఒక పాన్ కొట్టు ఆయన, ఆయన్ని చూసి ఇంకొకరు. ఎవరి పేరు ఎక్కువసార్లు చదివితే వాళ్ళు గొప్ప. పోటీవాడి కార్డులు బయటికి వెళ్ళకుండా పోస్టాఫీసులో లంచం ఇచ్చారని కూడా కథలున్నాయి. నిజమో కాదో గానీ, నలుగురూ దాన్ని నాలుగు రకాలుగా చెప్పి, ఒకటే నవ్వు.

నవ్వు ఆగాక మాట్లాడింది మైకా గురించే. వాల్వ్ పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది. అడవుల చట్టం 1980లో వచ్చింది, అడవిలో ఉన్న గనులు మూతపడటం మొదలైంది. ఎక్కువగా కొనేది సోవియట్ యూనియన్, అది 1991లో ముక్కలైంది. గీత్‌మాలా చివరి రోజులూ, ఈ ఊరి చివరి మంచి రోజులూ ఒకటే. అందుకే "ఎప్పుడు ఆగిపోయింది?" అని నేను అడిగిన ప్రశ్నకి వాళ్ళు ఒక్క పాటల ప్రోగ్రామ్ గురించి జవాబు చెప్పడం లేదని నాకు ఆలస్యంగా వెలిగింది. ఇప్పుడు మైకా కారు పెయింట్‌లో, లిప్‌స్టిక్‌లో మెరుపు కోసం పోతోంది. దానికి పెద్ద రేకులు అక్కర్లేదు, తుక్కు చాలు. దాన్ని 'ఢిబ్రా' అంటారు. వదిలేసిన గనుల దగ్గర ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా, ఆ తుక్కు ఏరుకుంటారు. మట్టిపెళ్ళలు విరిగి మీదపడి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆ ఊళ్ళ పేర్లు మాత్రం ఏ రేడియోలోనూ రావు.

1988 అన్న చాచా నన్ను, "నువ్వేం చేస్తావు?" అని అడిగారు. చెప్పాను. జనం దేన్ని ఎంతసేపు చూశారు, దేన్ని కొన్నారు, దాన్నిబట్టి ఏది పైన కనిపించాలో లెక్క వేస్తాం అని. ఆయన ఆలోచించి, "మరి నా కార్డు ఎక్కడ వేయాలి?" అన్నారు. కార్డు అక్కర్లేదు చాచా, మీరు ఫోన్‌లో పాట వింటే చాలు, అదే లెక్కలోకి వెళ్తుంది అన్నాను. "వెళ్తుంది సరే. నాకెలా తెలుస్తుంది?"

నా దగ్గర టెక్నికల్ జవాబు ఉంది. ఏడాది చివర యాప్ మీకు మీ లిస్టు ఇస్తుంది కదా. అది మీ ఒక్కరి లిస్టు. పక్కింటివాడిది వేరే, ఎదురింటివాడిది వేరే. వీళ్ళకి ఉన్నది ఒకటే లిస్టు, దాని మీద గొడవపడటానికి మర్నాడు గురువారం. "నా పాట మూడో మెట్టుకి దిగింది" అని మొహం వేలాడేసుకుని డ్యూటీకి వెళ్ళేవాణ్ణి అని రెండో చాచా చెప్పారు. ఇప్పుడు ఏ పాట దిగిందని మనం మొహం వేలాడేస్తాం? ఆ గీత్‌మాలా పాటలు, సయానీ గొంతుతో సహా, కారవాన్ ప్లేయర్‌లో దొరుకుతాయి. నాలుగో చాచాకి వాళ్ళబ్బాయి కొనిచ్చాడు కూడా. "బాగుంది. ఏ పాట ఏ మెట్టు మీదో ముందే తెలుసు గదా" అన్నారాయన.

ఆయనే మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళారు. బీరువా మీదనుంచి గుడ్డసంచి దించారు. లోపల స్కూలు నోటుబుక్కులు. బుధవారం బుధవారం రేడియో ముందు కూర్చుని రాసుకున్న లిస్టులు: మెట్టు, పాట, సినిమా, పాడినవాళ్ళు, పోయిన వారం ఎక్కడుంది. ఇలా రాసుకున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు, తర్వాత ఎవరైనా పాత గీత్‌మాలా లిస్టులు కూర్చాలంటే ఇలాంటి పుస్తకాలే దిక్కు. సిలోన్ సరిగ్గా వినిపించని రోజు గడి ఖాళీగా వదిలేసి, మర్నాడు వేరే వాళ్ళని అడిగి ఎర్ర సిరాతో నింపారు. మా ఫ్రెండ్ ఫొటోలు తీసుకుంటానంటే, తీసుకో గానీ పేజీలు తడి వేలితో తిప్పకు అన్నారు.

చివరి నోటుబుక్కు 1994ది. లిస్టులు సగంలో ఆగిపోయాయి. మిగతా పేజీల్లో వాళ్ళావిడ పాల లెక్క రాసుకుంది, పొద్దున లీటరు, సాయంత్రం అరలీటరు, పండగ నెలల్లో రెండు.